హ్యాండిల్ మార్చాను, ఎడమకి తిప్పి చూడలేదు

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. రూంలో అందరూ పడుకున్నాక ఫోన్ సౌండ్ పెట్టలేక చదువుకునేవాళ్ళు అడిగారు, వాళ్ళ కోసం.)

డ్యూటీ దిగి బస్సులో కూర్చుని వింటున్నవాళ్ళకీ, ఇవాళ వంట వంతు తనదై ఉల్లిగడ్డలు కోస్తూ వింటున్నవాళ్ళకీ అందరికీ దండాలు.

ఇన్నాళ్ళూ జీతాల గురించి, వీసాల గురించి, ఇంటికి డబ్బు పంపడం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి నా పని గురించి చెప్తాను. నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బైకు మెకానిక్‌ని. మా ఊరు జగిత్యాల దగ్గర. 2011లో హెల్పర్‌గా వచ్చాను. మొదటి రెండేళ్ళు నా పని బండ్లు కడగడం, పానాలు అందివ్వడం, ఉస్తాద్‌కి చాయ్ తేవడం. ఇప్పుడు నా కింద ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు.

ఈ మధ్య ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పాత క్రూజర్ బండి కొన్నాడట, దానికి ఎత్తు హ్యాండిల్ వేయించాలని ఉందట. "అన్నా, హ్యాండిల్ ఒక్కటే గదా, నాలుగు బోల్టులు. నేనే వేసుకుంటే కాదా?" అని అడిగాడు. నాకు గుండె ఒక్కసారి జల్లుమన్నది. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట 2012 చివర్లో నేనూ అనుకున్నాను. నాలుగు బోల్టులే కదా అని.

ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎక్కడా చెప్పలేదు. ఇవాళ చెప్తాను.

ఆర్మూరు అన్న బండి

మా వర్క్‌షాప్‌కి ఒక అన్న వచ్చేవాడు. ఆర్మూరు వైపు మనిషి. కంపెనీలో డ్రైవర్, అప్పటికే పదిహేనేళ్ళ సర్వీసు. ఇద్దరు పిల్లల చదువులు, చెల్లె పెండ్లి అన్నీ అయ్యాక తన కోసమని ఒకే ఒక్క వస్తువు కొనుక్కున్నాడు. 2005 మోడల్ హార్లే స్పోర్ట్‌స్టర్, 883 సీసీ, కార్బ్యురేటర్ బండి. మూడో చేతో నాలుగో చేతో అయి ఉంటుంది. చలికాలం శుక్రవారాల్లో ఖోర్ ఫక్కాన్ దాకా పోయి వచ్చేవాడు. ఇక్కడ బైకుకి వేరే లైసెన్సు కావాలి కదా, ఆ బండి కోసమే క్లాసులకు పోయి, టెస్టు పాసై తీసుకున్నాడు.

ఒకరోజు కొత్త హ్యాండిల్ పట్టుకొచ్చాడు. పాతదానికంటే నాలుగు అంగుళాలు ఎత్తు. ఉస్తాద్ ఆ రోజు ఊళ్ళో లేడు. "తమ్మీ, రేపు శుక్రవారం. దోస్తులందరం పోతున్నం. జల్ది కట్టియ్యి, ఏమైతది?" అన్నాడు. నాకూ ఉబలాటమే. నా చేతి మీద పూర్తిగా కట్టిన మొదటి బండి అవుతుంది కదా.

పాత హ్యాండిల్ విప్పాను. కొత్తది ఎక్కించాను. అప్పుడు తెలిసింది వైర్లు అందడం లేదని. వైర్లంటే కరెంటు వైర్లు కాదు. మనం క్లచ్ వైరు, రేజు వైరు అంటాం చూడండి, ఆ కేబుళ్ళు. కొత్తవి తెప్పించాలంటే వారం పడుతుంది, అన్నకి రేపే కావాలి. నేనేం చేశానంటే, ఫ్రేముకి పట్టి ఉంచే క్లిప్పుల్లోంచి వైర్లు విడిపించి, వంకర లేకుండా నేరుగా లాగి అందేట్టు చేశాను. బ్రేకు గొట్టం కూడా అంతే, తీగలా బిగుసుకుంది కానీ అందింది.

పరీక్ష కూడా చేశాను. వర్క్‌షాప్ ఆవరణలోనే అటు చివరిదాకా నడిపి, తిప్పుకుని వచ్చాను. నిలబెట్టి స్టార్ట్ చేసి హ్యాండిల్ పూర్తిగా తిప్పి కూడా చూశాను. ఇంజన్ మెల్లగానే తిరుగుతోంది. బాగుందనుకున్నాను.

ఒక్క తప్పు చేశాను. రెండుసార్లూ కుడివైపుకే తిప్పాను.

ఎందుకు కుడికి? మన ఊళ్ళో బండి ఎడమవైపు నడుపుతాం, వెనక్కి తిరగాలంటే కుడికి తిప్పుతాం. చిన్నప్పటి నుంచి చేతికి అదే అలవాటు. ఇక్కడ కుడివైపు నడుపుతాం, యూ టర్న్ అంటే ఎడమకి. షార్జా వచ్చి ఏడాది దాటినా నా చేతులు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి.

రేజు యాక్సిలరేటర్ కుడిచేతి దగ్గర ఉంటుంది. దాని వైరు హ్యాండిల్ మీదుగా ముందుకు పోయి, మెడ పక్కనుంచి దిగి కార్బ్యురేటర్‌కి చేరుతుంది. హ్యాండిల్ ఎడమకి తిప్పితే కుడి పిడి ముందుకు, ఇంజన్‌కి దూరంగా పోతుంది. వైరు పొట్టిగా ఉంటే అప్పుడే గుంజుకుంటుంది. పై గొట్టం గుంజుకుంటే లోపలి తీగ కూడా లాగినట్టే. మనం పిడి తిప్పకపోయినా ఇంజన్‌కి రేజు ఇచ్చినట్టే. కుడికి తిప్పితే ఆ వైరు వదులవుతుంది. అందుకే నాకు ఏమీ కనబడలేదు.

శుక్రవారం పొద్దున అన్న ఇంటి దగ్గర్నించి బయలుదేరి మొదటి సిగ్నల్ దగ్గర యూ టర్న్ తీసుకున్నాడు. హ్యాండిల్ మొత్తం ఎడమకి తిప్పి, క్లచ్ సగం వదిలాడు. ఇంజన్ తనంతట తానే లేచింది. అన్న పిడి మూశాడు. మూయడానికి ఏమీ లేదు, అది మూసే ఉంది. బండి ఎగిరి డివైడర్ గట్టుకి కొట్టుకుంది. అన్న ఎడమ భుజం మీద పడ్డాడు. మెడ ఎముక విరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు.

లెక్క ఎంతయ్యింది

ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటినవాళ్ళకి ఏడాదిలో 90 రోజుల వరకు సిక్ లీవు ఉంటుంది. కానీ అందులో మొదటి 15 రోజులకే పూర్తి జీతం. తరువాతి 30 రోజులు సగం జీతం. మిగిలిన 45 రోజులు జీతం లేదు. ఇది వింటున్న ప్రతివాళ్ళూ గుర్తుపెట్టుకోండి. డ్యూటీలో తగిలిన దెబ్బ లెక్క వేరు, ఇలా సెలవురోజు సొంత బండి మీద పడితే ఈ లెక్కే.

అన్న 75 రోజులు స్టీరింగ్ పట్టలేదు. పదిహేను రోజులు పూర్తి జీతం, నెలరోజులు సగం, మరో నెలరోజులు సున్నా. అంటే రెండున్నర నెలలకి చేతికి వచ్చింది ఒక్క నెల జీతం. ఆ నెలల్లో ఇంటికి ఎంత పంపాడో నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

పడిన బండి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. ఉస్తాద్ అప్పటికి తిరిగొచ్చాడు. ఆయన పాకిస్తాన్ మనిషి, ముప్పై ఏళ్ళ నుంచి ఇక్కడే. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వైర్లు చూసి నన్ను ఒకే మాట అడిగాడు. "బాయే ఘుమాకే దేఖా థా?" ఎడమకి తిప్పి చూశావా అని. నేను తల దించుకున్నాను.

కొడతాడనుకున్నాను, కొట్టలేదు. నన్ను బండి మీద కూర్చోబెట్టి స్టార్ట్ చేయించాడు. కుడికి తిప్పమన్నాడు. చప్పుడులో మార్పు లేదు. ఎడమకి తిప్పమన్నాడు. ఇంజన్ గట్టిగా అరిచింది. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. నాతో పదిసార్లు తిప్పించాడు. ఏడుపొచ్చింది. "నువ్వు నీ ఊరి రోడ్డుకి బండి కట్టావు. నడిపేవాడు ఈ రోడ్డు మీద ఉన్నాడు" అన్నాడు.

అన్న చేయి మెడకి కట్టుకుని వర్క్‌షాప్‌కి వచ్చాడు. పోలీసులకి "నేనే పడ్డ" అని చెప్పాడట. నేను దాచుకున్న డబ్బులు ఇవ్వబోయాను. తీసుకోలేదు. "ఉంచుకో తమ్మీ. రేపు ఇంకోని బండి కట్టేటప్పుడు రెండు దిక్కుల తిప్పు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనిపించింది.

ఉస్తాద్ పాత హ్యాండిల్, కొత్త వైర్లు వేసి బండి ఇచ్చేశాడు.

మళ్ళీ అదే బండి

పోయిన డిసెంబర్‌లో అన్న ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయనకి యాభై దాటాయి. ఎడమ భుజం పూర్తిగా లేవడం లేదు, ముందుకు వంగి హ్యాండిల్ పట్టుకుంటే అరగంటకే నొప్పి. బండి అమ్మేద్దామనుకున్నాడు. "అమ్మే ముందు ఒక్కసారి నిన్ను అడుగుదామనిపించింది. హ్యాండిల్ నా దిక్కు జరిపితే నడపగల్తనా?" అన్నాడు.

జరపొచ్చు అన్నాను. ఈసారి నేనే కడతాను అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత "తీస్కొస్త" అన్నాడు.

ఇప్పుడు పని ఎలా చేశామో వరసగా చెప్తాను. మీ బండి వేరే కంపెనీది కావొచ్చు, బోల్టులు, కొలతలు మారతాయి. కానీ వరస ఇదే.

మొదట దారంతో కొలత. హ్యాండిల్ కొనే ముందే వైర్ల లెక్క తేలాలి. అన్నని సీటు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చేతులు నొప్పి లేకుండా చాపమన్నాను. ఆ చేతులు ఎక్కడ ఆగాయో అక్కడికి పిడి రావాలి. పాతదానికంటే రెండు అంగుళాలు పైకి, ఐదు అంగుళాలు వెనక్కి వచ్చింది. ఆ లెక్కకి దగ్గరగా ఉన్న హ్యాండిల్ దొరికింది. దాన్ని ఉత్తగా బిగించి, పాత వైరు పోయిన దారిలోనే ఒక గట్టి దారం పోనిచ్చాను. మెడ దగ్గర ఎక్కడ వంగాలో అక్కడే వంచి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, ఎక్కువ పొడవు ఎక్కడ కావాల్సి వచ్చిందో అక్కడ ముడి వేశాను. పాత వైరు పక్కన పెట్టి చూస్తే నాలుగు అంగుళాలు తక్కువ. క్లచ్ వైరుకీ, బ్రేకు గొట్టానికీ ఇలాగే విడివిడిగా కొలిచాను.

పొడవు ఎక్కువైతే మంచిదేగా అనుకోకండి. మరీ పొడుగు వైరు ముందు చుట్టలా వేలాడి, హ్యాండిల్ తిప్పినప్పుడు ఫోర్కుకీ ఫ్రేముకీ మధ్య నలుగుతుంది. అందుకే కొలిచాకే ఆర్డరు.

రెండోది, ఫోటోలు. ఒక్క స్క్రూ విప్పకముందే ఫోన్‌లో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ వైరు దేని ముందు నుంచి పోయింది, ఏ క్లిప్పులో ఉంది, అన్నీ. విప్పాక గుర్తుంటుందిలే అనుకుంటాం. ఉండదు.

మూడోది, బ్యాటరీ నెగటివ్ తీసేయడం. స్విచ్చులు విప్పుతున్నాం, వైర్లు కోస్తున్నాం. షార్ట్ అయితే ఫ్యూజు దగ్గరే ఆగుతుందని నమ్మకం లేదు. ట్యాంకు మీద పాత దుప్పటి కప్పండి. ఈ బండికి ట్యాంకు కొద్దిగా పైకి లేపితే కార్బ్యురేటర్ దగ్గర చేయి పడుతుంది.

పానాల సంగతి ఒకటి. హార్లేకి మన 10, 12 నంబరు పానాలు సరిపోవు, కొలతలు అంగుళాల్లో ఉంటాయి. స్విచ్చుల పెట్టెకి, లివర్ల క్లాంపుకి నక్షత్రం ఆకారం తలల స్క్రూలు ఉంటాయి. దగ్గరగా ఉందని వేరే పానాతో తిప్పితే తల పాడవుతుంది, తరువాత డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది.

నాలుగోది చిన్నదే కానీ చాలామంది ఇక్కడే నష్టపోతారు. కుడివైపు స్విచ్చు పెట్టె విప్పే ముందు బ్రేకు లివర్‌కీ దాని పట్టీకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల మందం అట్టముక్క పెట్టాలి. లోపల బ్రేకు లైటు స్విచ్చు ఉంటుంది, దానికి సన్నటి బొడిపె. అట్ట పెట్టకుండా విప్పినా, బిగించినా అది విరుగుతుంది. విరిగినట్టు తెలియదు కూడా. ముందు బ్రేకు పడుతుంది, వెనక ఎర్ర లైటు మాత్రం వెలగదు. వెనక ట్రక్కు వస్తుంటే అదెంత సంగతో మీకు చెప్పక్కర్లేదు.

ఇక రేజు వైర్లు. ఈ బండికి రెండు. ఒకటి తెరిచేది, ఒకటి మూసేది. రెండోది ఎందుకంటే, స్ప్రింగు ఏ కారణం చేతైనా మూయకపోతే మీ చేతితో వెనక్కి తిప్పి మూసేందుకు. చిన్న బండ్లకి చాలావాటికి ఒకటే ఉంటుంది. రెండిటి మరలు వేరువేరు సైజు, కాబట్టి తారుమారు కావు. చివర్లలో చిన్న ఇత్తడి ముక్కలు ఉంటాయి, గోరంత. కింద బట్ట పరుచుకుని విప్పండి. ఆ ఇత్తడి ముక్కల కోసం నేను ఇసుకలో మోకాళ్ళ మీద వెతికిన రోజులున్నాయి. పిడి ఎక్కించే ముందు హ్యాండిల్ శుభ్రంగా తుడిచి, కొంచెం గ్రాఫైట్ పొడి రాయాలి. గ్రీజు రాస్తే ఇక్కడి దుమ్ము దానికి అంటుకుని కొన్నాళ్ళకి పిడి బరువెక్కుతుంది.

క్లచ్ వైరు పైన సులభం, కింద పని. స్పోర్ట్‌స్టర్‌లో అది ఎడమవైపు ప్రైమరీ మూత లోపలికి పోతుంది. ఆ ఆయిల్ తీసేసి, గుండ్రటి మూత విప్పి, స్ప్రింగు, లాక్ ప్లేటు తీసి, అడ్జస్ట్‌మెంట్ స్క్రూ తిప్పితే వైరు చివర బయటికొస్తుంది. కొత్తది వేశాక ఆ స్క్రూ వెనక్కి తిప్పుతూ కొంచెం పట్టుకున్నట్టు అనిపించిన చోట ఆపి, అక్కడ్నించి ముందుకు పావు చుట్టు. లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే, ప్లేట్లు కాలిపోతాయి. ఎక్కువైతే గేరు పడదు.

బ్రేకు గొట్టం విషయంలో మాత్రం మీకు అలవాటు లేకపోతే చేతులు పెట్టకండి. పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. కానీ రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఒకటి, గొట్టం చివర బోల్టుకి రెండు వైపులా ఉండే వాషర్లు పాతవి మళ్ళీ వాడకూడదు. రెండు, బ్రేకు ఆయిల్. డబ్బా మూత మీద ఏ నంబరు ఉంటే అదే పోయాలి. అన్న బండి మూత మీద డాట్ 5 అని ఉంది, అది సిలికాన్ ఆయిల్. మామూలుగా దుకాణాల్లో దొరికే డాట్ 4 వేరే రకం. ఆ రెండూ కలపకూడదు. డాట్ 4 పెయింట్ మీద పడితే పెయింట్‌ని తినేస్తుంది, వెంటనే నీళ్ళు పోయాలి. ఇంకో మాట, ఏబీఎస్ ఉన్న బండి అయితే గాలి తీయడానికి కంపెనీ మిషను అవసరం పడొచ్చు, షోరూంలో అడగండి.

కరెంటు వైర్లు కూడా పొడిగించాల్సి వచ్చింది. అన్నీ ఒకే చోట కోసి అతికితే అక్కడ ముద్దలా లావవుతుంది. ఒక్కోదాన్ని ఒక్కో చోట కోసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాం. ఉత్తగా మెలిపెట్టి టేపు చుడితే ఈ ఎండకి ఒక్క వేసవిలో జిగురు కరిగి ఊడిపోతుంది.

హ్యాండిల్ మధ్యలో గరుకు గీతలు ఉన్న భాగం సరిగ్గా క్లాంపుల కింద ఉండాలి. మెల్లగా బిగించి, అన్నని మళ్ళీ కూర్చోబెట్టి, చేతులకి కుదిరిన చోట ఆపి, అప్పుడు మాన్యువల్ చెప్పిన బిగువుకి టార్క్ పానాతో బిగించాం. ముందు ఒక తప్పు దొరికింది. అన్న చేతికి కుదిరిన చోట పెడితే, ఎడమకి పూర్తిగా తిప్పినప్పుడు క్లచ్ లివర్ కొన ట్యాంకుకి తగులుతోంది. వెనక్కి వచ్చే హ్యాండిళ్ళకి ఇది ఉంటుంది. ఒక రవ్వంత పైకి తిప్పి, లివర్ వంపు మార్చితే సరిపోయింది.

తిప్పి చూడటం

ఇక అసలు పరీక్ష. బండి బయటికి తీసే ముందు ఇవి చేశాం.

ఇంజన్ ఆపి ఉండగా పిడి మొత్తం తిప్పి వదిలాం. టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు, పూర్తిగా ఎడమకి ఉన్నప్పుడు, పూర్తిగా కుడికి ఉన్నప్పుడు, మూడు చోట్లా. మెల్లగా పాకుతూ వస్తే ఎక్కడో వైరు నలుగుతున్నట్టు.

తరువాత న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, పిడి ముట్టుకోకుండా హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పాలి. చప్పుడు మారకూడదు. ఏ వైపు మారినా బండి రోడ్డెక్కకూడదు. రేజు వైరు చాలా బండ్లలో ఎడమకి తిప్పినప్పుడు గుంజుకుంటుంది, క్లచ్ వైరు కుడికి తిప్పినప్పుడు. కానీ బండి బండికీ వైర్ల దారి మారుతుంది, అందుకే రెండు వైపులా తప్పదు.

తరువాత బ్రేకు లివర్ గట్టిగా పట్టి ఒక నిమిషం ఉంచాం, మెల్లగా దిగకూడదు. బ్రేకు లైటు, హారన్, రెండు ఇండికేటర్లు, కిల్ స్విచ్చు అన్నీ చూశాం. అప్పుడు ఆవరణలో నడక వేగంతో.

బండి కట్టేశాక ఇంకో పని ఉంది. ఇక్కడ పాత బండికి ఏటా రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకి టెస్టింగ్ ఉంటుంది. మార్పు చేసే ముందే టెస్టింగ్ సెంటర్‌లో అడగండి. తరువాత ఫెయిలై మళ్ళీ పాతది వేసుకునే బదులు ముందే ఒక మాట అడగడం తేలిక. ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి.

డెలివరీ తమ్ముళ్ళకి

మాకు హార్లేలు ఎక్కడివి అన్నా అంటారని తెలుసు. ఎక్కువమంది నడిపేది డెలివరీ బండ్లు. బండి కంపెనీది, హ్యాండిల్ మార్చే పని మీకు లేదు, మార్చకండి కూడా. కానీ ఆ బండి కూడా రేజు వైరు మీదే నడుస్తుంది. ఫోన్ హోల్డరు బిగించేటప్పుడు, ఛార్జరు వైరు చుట్టేటప్పుడు, టేపు వేసేటప్పుడు రేజు వైరుని కట్టేసిన బండ్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. కట్టినవాడికి తెలియదు అది వైరుని పట్టేసిందని.

పొద్దున డ్యూటీ ఎక్కే ముందు రెండు నిమిషాలు. స్టార్ట్ చేయండి, ఎడమకి మొత్తం, కుడికి మొత్తం తిప్పండి, చెవి పెట్టి వినండి. పిడి తిప్పి వదిలి టక్కున వస్తుందా చూడండి. లివర్ దగ్గర వైరు పోగులు విడిపోయి ముళ్ళలా లేచాయా చూడండి. ఒక్క పోగు తెగినా సూపర్‌వైజర్‌కి ఫోటో తీసి మెసేజ్ పెట్టండి. నోటితో చెప్పడం కాదు, మెసేజ్. రేపు ఏమన్నా అయితే అది మీకు ఆధారం.

నడుస్తుండగా రేజు ఇరుక్కుంటే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉంచుకోండి. క్లచ్ మొత్తం పట్టేయండి, కుడి బొటనవేలితో కిల్ స్విచ్చు కొట్టండి. ఇంజన్ అరిస్తే అరవనివ్వండి. గేరు లేని స్కూటర్ అయితే కిల్ స్విచ్చు, అది లేకపోతే తాళంచెవి. నిలబడి ఉన్నప్పుడు రోజూ ఒకసారి బొటనవేలు అక్కడికి పోతుందో లేదో అలవాటు చేసుకోండి. అన్న ఆ రోజు పిడి మూయడానికి చూశాడు. మనందరం అదే చేస్తాం.

ఆ రోజు సాయంత్రం

బండి మొత్తం అయ్యేసరికి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. నేను తాళంచెవి అన్న చేతిలో పెట్టి, "మీరే చూడండి" అన్నాను. ఆయన స్టార్ట్ చేశాడు. కుడికి తిప్పాడు. తరువాత ఎడమకి తిప్పి, అలాగే పట్టుకుని, తల కొంచెం వంచి చాలాసేపు విన్నాడు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలిద్దరూ పక్కనే నిలబడ్డారు. ఎందుకు అంతసేపు వింటున్నాడో వాళ్ళకి తెలియదు. నేనింకా చెప్పలేదు. ఈ ఎపిసోడ్ వింటే తెలుస్తుంది వాళ్ళకి.

గేటు దాటి ఎడమకి తిరిగి పోయాడు. రౌండ్ అబౌట్ దాకా పోయి రావడానికి పది నిమిషాలు పట్టింది. నాకు ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను. వచ్చి స్టాండ్ వేసి, ఎడమ భుజం ఒకసారి గుండ్రంగా తిప్పుకుని, "నొస్తలేదు తమ్మీ" అన్నాడు. వైర్లకీ, హ్యాండిల్‌కీ డబ్బులిచ్చాడు. కూలీ వద్దన్నాను. గట్టిగా ఏమీ అనలేదు, కానీ ఆయన పోయాక చూస్తే టూల్ బాక్స్ మీద పానా కింద నోట్లు మడిచి పెట్టి ఉన్నాయి.

మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇదే జవాబు. హ్యాండిల్ నాలుగు బోల్టులే. కానీ దానికి నీ చేతి నుంచి చక్రందాకా పోయేవన్నీ వేలాడుతుంటాయి. వాటిని కొలిచి, తెప్పించి, కట్టి, రెండు వైపులా తిప్పి చూసి, అప్పుడు రోడ్డెక్కు. కొలిచే రోజు ఫోన్ చెయ్యి, దారం ఎలా పోనివ్వాలో వీడియోలో చూపిస్తాను.

వచ్చే వారం సెలవు మీద ఊరికి పోయేటప్పుడు బండి మూడు నెలలు నిలిపి ఉంచితే ఏం చేయాలో మాట్లాడుకుందాం. అందాకా జాగ్రత్త. పొద్దున బండి తీసేటప్పుడు ఒకసారి ఎడమకి తిప్పండి.